పక్కన పెట్టిన మచ్చు

“గొళ్ళెం తియ్యే! ఎంతసేపు బతిమాలించుకుంటావు?”

నాగరత్నమ్మ నీళ్ళు పోసుకునే బచ్చలింటి తలుపును అరచేత్తో బాదింది. లోపల అండాలో నీళ్ళు కాగుతున్న చప్పుడు తప్ప జవాబు రాలేదు.

“కట్టెలుండాయి, నీళ్ళుండాయి. సంసారం ఆడనే పెట్టుకునేట్టుండాది సిన్నకోడలు,” అంది మంత్రసాని హులిగమ్మ, పెరటి అరుగు మీద కాళ్ళు చాపుకుని. తన మాటకు తానే నవ్వి, నోట్లోని ఆకువక్క రసం గోడవారకు ఉమ్మింది. సున్నం కొట్టిన గోడమీద ఎర్రచార కిందికి జారింది. దాన్ని కడగవలసింది తానేనని పెద్దకోడలు శారదకు తెలుసు. ముఖం తిప్పుకుంది.

“నువ్వు చెప్పు శారదా. నీ మాటైతే వింటాది,” అంది నాగరత్నమ్మ. “మధ్యాన్నం బస్సుకు వాళ్ళ నాయన దిగుతాడు. ఆయన గడప తొక్కే లోపల మన దగ్గర ఒక మాట ఉండాల.”

యెమ్మిగనూరు పుట్టింటి నుంచి చిన్నకోడలు వాసవి తిరిగి వచ్చినప్పటి నుంచీ ఇల్లు ఇలాగే ఉంది. మొగుడు నాగభూషణం దగ్గరికి వస్తే నిప్పు తగిలినట్టు కింద మంట అంటుంది. పెళ్ళయి ఏడాది దాటినా అదే మాట. పుట్టింట్లో తల్లి ఆమెను ఒక డాక్టరమ్మకు చూపించింది. ఇలాంటి నొప్పి ఉంటుందనీ, ఇది దయ్యమూ కాదు నటనా కాదనీ, బలవంతం చేయకూడదనీ ఆ డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట ఆదోనికి వచ్చేసరికి నవ్వులపాలైంది. పుండు లేదు, చీము లేదు, జ్వరం లేదు, ఇంక నొప్పి ఎక్కడిదని అత్తగారు అడిగారు. అడగడంలో తప్పేముందని ఇంట్లో అందరూ అన్నారు.

శారద తలుపు దగ్గరికి వెళ్ళింది.

“వాసవీ, నేనమ్మా. తలుపు తియ్యి.”

“నువ్వు కూడానా అక్కా?” లోపలినుంచి గొంతు బొంగురుగా వచ్చింది. “వాళ్ళు నన్ను సంతలో గొడ్డును చూసినట్టు చూస్తాంటే, నువ్వు పక్కన దీపం పట్టుకొని నిలబడతావా?”

వెనకనుంచి నాగరత్నమ్మే అందుకుంది.

“దీపం పట్టుకునేది కాదే. మీ అక్క కూడా పండుకుంటాది. మీ మామ చెప్పినాడు, ఇద్దర్నీ చూడమని.”

శారద గిర్రున తిరిగింది. ఆ సంగతి ఆమెకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

“నన్నెందుకత్తా?”

“ఎందుకేంది? నీ పక్కన పెట్టి చూస్తే దాని లోపం తెలుస్తాదంట. మీ మామ సంగతి నీకు తెలీనిదా?”

తెలుసు. మామ సుబ్బరామయ్య పత్తి దళారీ. మండీలో ఏ దూది మీదైనా తగవు వస్తే ఆయన దాన్ని ఒంటరిగా చూడడు. గోనె బోరెంలో చెయ్యి దూర్చి పిడికెడు లాగి నీలం కాగితం మీద పెడతాడు. దాని పక్కన, నమూనాకని తన పెట్టెలో దాచిన మంచి మచ్చు పెడతాడు. రెండిటినీ బొటనవేళ్ళ మధ్య పింజలు పింజలుగా లాగి చూస్తాడు. మంచిది పక్కన ఉంటే చెడ్డది తనంతట తానే బయటపడుతుందంటాడు. ఆదోని బజారులో ఆ పద్ధతికి మర్యాద ఉంది.

ఈ ఇంట్లో మంచి మచ్చు శారద. ఎమర్జెన్సీ పెట్టిన ఏడు ఈ గడప తొక్కింది. ముగ్గురు పిల్లల్ని కన్నది. ఇన్నేళ్ళలో ఆమె పడకగదిలోంచి ఒక్క కేక బయటికి రాలేదు.

మామగారు ఈ మాట ఎక్కడ కూర్చుని చెప్పి ఉంటాడో ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనబడింది. పొద్దున పూజ ముగించుకుని, అమ్మవారి పటానికి హారతి ఇచ్చి, నుదుట కుంకుమతో భోజనానికి కూర్చుని చెప్పి ఉంటాడు. కోడళ్ళిద్దరి ఒళ్ళూ పక్కపక్కన పరచమని అన్నంలో నెయ్యి కలుపుకుంటూ చెప్పి ఉంటాడు.

గొళ్ళెం తీసిన చప్పుడు అయింది. వాసవి గడపలో నిలబడింది. జుట్టంతా ఆవిరికి తడిసి చెంపలకు అంటుకుంది. అత్తగారి వైపు చూడలేదు.

“అక్కనెందుకు లాగుతారు? ఆ యమ్మ ఏం చేసింది?” అంది. “నన్ను చూసుకోండి. రండి. మామ ఏం గ్రేడు కడతాడో అదీ చూద్దాం.”

“నోరు చూడు! అమ్మవారి పేరు పెట్టుకున్నందుకైనా నోరు అదుపులో ఉండాల,” అంది నాగరత్నమ్మ.

“ఆ అమ్మవారు కూడా తనకు ఇష్టం లేని రాజును ఒప్పుకోక నిప్పుల్లో దూకింది కదత్తా. అందుకే కదా మీరు దీపం పెట్టేది.”

నాగరత్నమ్మ చెయ్యెత్తింది. శారద మధ్యలోకి వచ్చింది.

“పదండి లోపలికి,” అంది. “నేనే ముందు పండుకుంటాను.”

*

వెనకగదిలో చాప పరిచారు. కిటికీ మూసి గోనెపట్టా కట్టారు. గదిలో పత్తివిత్తుల చెక్క వాసన, దానిమీద హులిగమ్మ తెచ్చిన ఆముదం వాసన. ఆమె గిన్నెలో వేళ్ళు ముంచి, మోచేతిదాకా జారిన నూనెను తన చీరకే తుడుచుకుంది.

“నీ ముగ్గురు పిల్లల్నీ నేనే తీసినాను కదమ్మా. నీ దగ్గర నాకు తెలీనిదేముండాది?” అంటూ శారద దగ్గర కూర్చుంది. “ఇది ఊరికే, మీ మామ మాట కోసరం.”

శారద పైకి దూలం వంక చూసింది. కొంగు తీసి పళ్ళ మధ్య పెట్టుకుంది. ఊపిరి బిగబట్టింది. ఇది ఆమెకు అలవాటైన పనే. వంట చేసినట్టు, పిల్లల తల దువ్వినట్టు, చేతులు వాటంతట అవే చేసే పని. మంట మొదలైంది. మొదలైన చోటనే నిలబడి, కత్తితో గీరినట్టు పైకి పాకింది. ఆమె కనురెప్ప కూడా కదల్లేదు.

“చూడండమ్మా, బంగారం అట్లాంటి మనిషి. మెదల్లేదు,” అంది హులిగమ్మ.

నాగరత్నమ్మ తల ఊపింది. గోడకు ఆనుకుని వాసవి చూస్తోంది. అందరూ శారద కిందివైపు చూస్తుంటే, ఆ పిల్ల మాత్రం శారద నోటి వైపు చూస్తోంది.

తర్వాత వాసవి వంతు. హులిగమ్మ వేలు తగిలీ తగలకముందే ఆ పిల్ల చాపమీదనుంచి ఎగిరిపడింది. కేక ముందు వసారాదాకా వినబడి ఉంటుంది. ఎవరో అక్కడ దగ్గారు. నాగరత్నమ్మ భుజాలు పట్టుకుంది. శారదను కాళ్ళు పట్టుకోమంది. శారద చేతులు ముందుకు చాపింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

“పట్టుకోవే!”

“నా చేత కాదత్తా.”

ఆ మాటకు నాగరత్నమ్మ తెల్లబోయింది. ఇన్నేళ్ళలో శారద నోట ఆ మాట రావడం అదే మొదలు.

అంతలో హులిగమ్మ లేచి చేతులు తుడుచుకుంది.

“లోపమేమీ లేదమ్మా. పెద్దామె ఎట్లుండాదో ఈ యమ్మా అట్లే ఉండాది. వెంట్రుకవాసి తేడా లేదు. ఏ పుండూ లేదు, పొక్కూ లేదు. దేవుడు ఇద్దర్నీ ఒకే అచ్చులో పోసినాడు.”

“అట్లయితే?”

“అట్లయితే ఏముండాది? మొగునిమీద మనసు లేదు. నేను సూసినా గదా ఇట్లాంటివి.” గొంతు తగ్గించి కన్ను గీటింది. “మనసు ఇంకో సోట యాడన్నా పెట్టుకోనుంటాది. ఊరు యెమ్మిగనూరే గదా. మగ్గాలకాడ మగపిల్లోళ్ళకు కొదవా?”

నాగరత్నమ్మ ముఖంలో కోపం పోయి, ఒక నిబ్బరం వచ్చింది. వెతుకుతున్న వస్తువు దొరికినట్టుంది ఆమెకు. లోపం దొరికి ఉంటే వైద్యమన్నా చేయించవలసి వచ్చేది. లోపం లేదని తేలింది కాబట్టి ఇక చేయవలసింది ఏమీ లేదు, పంపించడం తప్ప.

హులిగమ్మకు ఆకులు, వక్కలు, రవికగుడ్డ పెట్టి పంపారు. పోతూ పోతూ ఆమె పెరటి గోడమీద ఇంకోసారి ఉమ్మింది.

*

నూనె చాప తుడిచి వచ్చి, బావి దగ్గర శారద చేతులు కడుక్కుంటోంది. ఆముదం పోవడం లేదు. సీకాయపొడి వేసి రుద్దింది. మట్టి తీసుకుని రుద్దింది. ఆ వాసన చేతులకు కాదు, ముక్కుకే పట్టుకున్నట్టుంది.

వాసవి మెల్లగా నడిచి వచ్చి పక్కన కూర్చుంది. ఏమీ అనకుండా శారద కొంగు అందుకుని, అంచు చూసింది. తడిసి ముద్దయింది. పళ్ళు దిగిన చోట దారాలు తెగి జల్లెడలా ఉంది.

“ఇది పిల్లోడు కొరికినాడని కదా అత్తతో చెప్తావు?”

శారద కొంగు లాక్కుంది.

“నీ చీరలన్నీ ఇట్లే ఉండాయి. దండెం మీద ఆరేసేటప్పుడు చూస్తానే ఉండాను. పిల్లోనికి పండ్లు వచ్చి ఎన్ని దినాలాయె? ఇంకా ఎవరు కొరుకుతాండారక్కా?”

“నీకెందుకే ఆ గొడవ?”

“నీకూ ఉండాది కదా?”

శారద చేద బావిలోకి వదిలింది. అది నీళ్ళకు తగిలిన చప్పుడు వచ్చేదాకా ఆగింది.

“ఉంటే? అందరికీ ఉండేదే కదా. ఆడదానికి అది రాసి పెట్టిందే. మా అమ్మ నన్ను పంపించేటప్పుడు, ఓర్చుకోవాలమ్మా అని చెప్పింది. ఇదేననుకున్నాను. నువ్వు ఓర్చుకోలేకపోతాండావు, నేను ఓర్చుకుంటాండాను. అంతే తేడా అనుకున్నాను.”

“అందరికీ ఉండదంట.”

“ఏంది?”

“డాక్టరమ్మ చెప్పినాది. అందరికీ ఉండదంట. కొందరికే ఉంటాదంట. ఉన్నోళ్ళూ లేనోళ్ళూ చూసేదానికి ఒకే మాదిరి ఉంటారంట. పిల్లలు పుట్టినోళ్ళకూ ఉంటాదంట. పుల్లకు దూది చుట్టి తాకిచ్చినాది. దూదేనక్కా! మన మండీలో గుట్టలు గుట్టలుగా పడుండేది. అది తగిలితే నేను మంచం మీదనుంచి కింద పడినాను. అప్పుడు మా అమ్మను అడిగినాను, నీకూ ఇట్లుండేదా అని. మా అమ్మ ఏడ్చింది. లేదమ్మా, నాకు ఎప్పుడూ లేదు అన్నాది.”

శారద చేతిలో తాడు ఆగిపోయింది.

“మీ అమ్మ నీ మనసు కోసరం చెప్పింటాది.”

“నా మనసు కోసరమైతే ఉండాదని చెప్తాది గాని, లేదని యాల చెప్తాది?”

శారద చేద పైకి తీయకుండానే తాడు గిలకకు చుట్టి, వంటింట్లోకి నడిచింది.

నాగరత్నమ్మ వియ్యంకుడి కోసం వంకాయలు తరుగుతోంది. ఎంత తగవు పడబోతున్నా భోజనం లేకుండా పంపరు ఈ ఇంట్లో.

“అత్తా, ఒక మాట అడుగుతా. కోప్పడొద్దు.”

“ఏంది?”

“నీకు… కొత్తలో గాని, తర్వాత గాని… మామ దగ్గర… అట్ల మంట ఉండేదా?”

కత్తిపీట ఆగింది. “ఛీ! అడగాల్సిన మాటేనా అది? పిల్లల తల్లివి!”

“ఊరికే అడిగినాను.”

నాగరత్నమ్మ కాసేపు వంకాయ వైపు చూసింది. ఏం గుర్తొచ్చిందో, పెదవుల మీద చిన్న నవ్వు కదిలింది.

“మొదట నాలుగు దినాలు ఎవరికైనా ఉంటాదిలే. తర్వాత ఏముంటాది? నాకేం లేదమ్మా,” అంది. తల పక్కకు తిప్పుకుంది.

ఆ నవ్వులో సిగ్గు ఉంది. సిగ్గు వెనక సంతోషం కూడా ఉంది. ముసలిదైన అత్తగారి ముఖంలో ఒక క్షణం ఎవరో పడుచుపిల్ల కనబడి పోయింది.

హులిగమ్మ వేళ్ళు, గోడమీద ఉమ్మి, నెయ్యి కలిపిన అన్నం ముందు మామగారు, ఇవేవీ శారదను ఇంతగా కుదపలేదు. ఆ చిన్న నవ్వు కుదిపింది. అయితే ఇది లేని ఆడవాళ్ళున్నారు. ఈ ఇంట్లోనే ఉన్నారు. ఈ పొయ్యి దగ్గరే కూర్చుని వంకాయలు తరుగుతున్నారు. తను మాత్రం ప్రతి రాత్రినీ ప్రపంచంలోని ఆడవాళ్ళందరి రాత్రి అనుకుని కొంగు నమిలింది. తన మొగుడు విశ్వనాథం తాగడు, కొట్టడు. బజారులో అందరూ మెచ్చుకునే మనిషి. ఆయన అడగడు, ఆగడు. అది కూడా అందరు మొగవాళ్ళ పద్ధతి అనుకుంది.

తన ఒంటిమీద తనకే ఏవగింపు పుట్టింది. వెంటనే ఆ ఏవగింపు తన ఒంటిది కాదని తోచింది. దాన్ని ఎవరో తెచ్చి ఇక్కడ పెట్టి పోయారు, మురికిగుడ్డలు తెచ్చి చాకిరేవు బండమీద పడేసినట్టు.

“యాల అడిగినావే?” నాగరత్నమ్మ కళ్ళు చిన్నవి చేసి చూస్తోంది.

అప్పుడే వీధి తలుపు దగ్గర “అయ్యా” అన్న పిలుపు వినబడింది. వాసవి తండ్రి మల్లికార్జునయ్య వచ్చాడు.

*

మల్లికార్జునయ్య వసారాలో బల్లమీద సగమే కూర్చున్నాడు. ఎండలో బస్టాండునుంచి నడిచి వచ్చిన మనిషి. ఇచ్చిన చెంబునీళ్ళు చేతిలోనే పట్టుకున్నాడు.

ఎదురుగా సుబ్బరామయ్య గాదీ పరుపుమీద ఉన్నాడు. ముందు నీలం కాగితం, దానిమీద ఎవరిదో దూది. మాట్లాడేటప్పుడు కూడా ఆయన వేళ్ళు పింజ లాగుతూనే ఉంటాయి. ఒక పక్క విశ్వనాథం. గోడవైపు తిరిగి నాగభూషణం, ఎవరికీ ముఖం చూపకుండా.

“దాపరికం లేకుండా చెప్తానప్పా,” అన్నాడు సుబ్బరామయ్య. “మీ డాక్టరమ్మ ఏదో చెప్పిందన్నారు. మేము కాదనలేదు. తెలిసిన మంత్రసానిని పిలిపించి చూపించినాము. పెద్దకోడలిని పక్కన పెట్టి మరీ చూపించినాము. తేడా లేదు. ఒంట్లో లోపం లేదు.”

“లేకుంటే మంచిదే కదయ్యా,” అన్నాడు మల్లికార్జునయ్య ఆశగా.

“ఏం మంచిది? ఒంట్లో లేదంటే మనసులో ఉన్నట్టు. అది యాడ పెట్టుకోనుండాదో మీ ఊర్లో మీరే విచారించుకోండి. మావాడు ఎన్ని దినాలు ఓర్చుకుంటాడు? పిల్లను తీసుకొని పోండి. మేము ఇంకో సంబంధం చూసుకుంటాము.”

మల్లికార్జునయ్య చేతిలో చెంబు ఒరిగి, పంచెమీద నీళ్ళు ఒలికాయి. నాగభూషణం వేళ్ళు విరుచుకున్నాడు. టపటపమన్న ఆ చప్పుడు నడవ తలుపు వెనక నిలబడ్డ శారదకు చెవిలో పురుగు తొలిచినట్టు వినబడింది. తన పక్కన వాసవి నిలబడి ఉంది. ఏడవడం లేదు. అదే భయంగా ఉంది.

“నా బిడ్డ అట్లాంటిది కాదయ్యా,” అన్నాడు మల్లికార్జునయ్య.

“మాటలెందుకు? పెద్దకోడల్నే అడుగు. ఆ యమ్మ అబద్ధమాడదని ఈ వీధంతా చెప్తాది. శారదా! చెప్పమ్మా, నువ్వూ పండుకున్నావు కదా. ఏమన్నా తేడా ఉండాదా?”

కోడళ్ళు వసారాలోకి రారు. తలుపు వెనకనుంచే ‘లేదు మామా’ అనాలి. అంతే ఆమె పని. ఆ ఒక్క మాటతో వాసవి సాయంత్రం బస్సులో యెమ్మిగనూరు పోతుంది, ఎంత తుడిచినా పోని ఒక నిందను నెత్తిన పెట్టుకుని.

శారద గడప దాటి వసారాలోకి వచ్చింది. విశ్వనాథం తలెత్తాడు.

“తేడా లేదు మామా,” అంది.

సుబ్బరామయ్య చెయ్యి చాపాడు, విన్నావా అన్నట్టు.

“తేడా లేదు. ఆ పిల్లకుండేది నాకూ ఉండాది.” అక్కడితో ఆపలేదు. “ఈ ఇంటికి వచ్చిన దినం నుంచీ ఉండాది. ముగ్గురు పిల్లలు పుట్టినాక కూడా ఉండాది. ఆ యమ్మ అరిచింది, నేను అరవలేదు. మీరు పక్కన పెట్టిన మచ్చు మంచిది కాదు మామా.”

పింజ లాగుతున్న వేళ్ళు ఆగిపోయాయి.

వీధిలో ఎవరిదో బండి పోయింది. లోపల వంటింట్లో పళ్ళెం ఒకటి జారి, గుండ్రంగా తిరిగి తిరిగి నిలిచింది.

విశ్వనాథం ముఖం నల్లబడింది. ఆయన శారదను చూడలేదు. మల్లికార్జునయ్యను చూశాడు, పరాయి మనిషి వినడమే పెద్ద సంగతి అన్నట్టు.

“ఎవరు నేర్పినారు నీకు ఈ మాటలు?” అన్నాడు. “లోపలికి పో.”

శారద పోలేదు. ఇన్నేళ్ళ మొగుడు. నొప్పిగా ఉందా అని ఇప్పుడైనా అడుగుతాడేమోనని చూసింది. ఆయన పంచె అంచు సర్దుకున్నాడు.

మల్లికార్జునయ్య చెంబు కింద పెట్టి మెల్లగా లేచాడు.

“అమ్మా, ఆ డాక్టరమ్మ మా ఊర్లోనే ఉండాది,” అన్నాడు, ఆమె కాళ్ళవైపు చూస్తూ, ఎంతో మర్యాదగా. “నా బిడ్డతో పాటు నువ్వూ వస్తానంటే, తండ్రి మాదిరి పిల్చుకొని పోతాను.”

“పోనీ,” అన్నాడు సుబ్బరామయ్య. నీలం కాగితాన్ని మడతపెట్టాడు. దూది లోపలే నలిగింది. “ఇద్దరూ పోనీ. పిల్లలు మాత్రం ఈ ఇంటి పిల్లలు. ఈడనే ఉంటారు. ఆ గడప దాటి బయటికి పోయినాక, మళ్ళీ ఎట్ల వస్తాదో ఆ యమ్మే ఆలోచించుకోవాల.”

నడవ తలుపు దగ్గర నాగరత్నమ్మ వచ్చి నిలబడింది. ఆమె చంకలో శారద చిన్నకొడుకు, నిద్రకళ్ళతో, తల్లివైపు చేతులు చాపుతున్నాడు. నాగరత్నమ్మ వాణ్ణి ఇవ్వలేదు. ఆమె చూపు శారద కొంగు మీద ఉంది. తెగిన దారాల మీద.

శారద చెయ్యి దానంతట అదే కొంగును నోటిదాకా తెచ్చింది. పెదవులకు చల్లగా, తడిగా, ఆముదం కంపుతో తగిలింది. వదిలేసింది.

మల్లికార్జునయ్య వైపు తిరిగింది.

“బస్సు ఎప్పుడుండాది?” అని అడిగింది.